నాన్న రక్షణ లేకుండా పోయారా? అసలు రక్షణ అంటే ఏంటి?

పెరంబూరు అమ్మాయి

అందరికీ వందనాలు. పోయిన నెల మా నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లారు అని రాయబోయి ఆగిపోయాను. ఆ మాట రాయొచ్చో లేదో తెలియకే ఇక్కడ అడుగుతున్నాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. నాన్న రైల్వే ఉద్యోగం మీద మద్రాసు వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. అమ్మ వాళ్లది బాప్టిస్టు కుటుంబం, నాన్న వాళ్లది కాదు. ముప్పయ్యేళ్లు ప్రతి ఆదివారం అమ్మను స్కూటర్ మీద చర్చికి తీసుకొచ్చి, ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద పిట్టగోడ మీద కూర్చుని పేపర్ చదువుకునేవారు. ఆఖరి రెండేళ్లు మాత్రం లోపలికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవారు, పాడేవారు కాదు. పాస్టరుగారు బాప్తిస్మం సంగతి ఎత్తితే "చూద్దామండీ" అనేవారు. అలా చూస్తూ చూస్తూనే జబ్బు పడ్డారు.

ఆస్పత్రిలో చివరి నాలుగు రోజులు నోట్లో గొట్టం. మాట లేదు. నేను పక్కన కూర్చుని ఇరవై మూడో కీర్తన చదువుతుంటే నా చూపుడువేలు పట్టుకున్నారు. "గాఢాంధకారపు లోయ" దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నొక్కారు. నా దగ్గరున్న సాక్ష్యం అంతే.

ఆదరణ కూడికలో ఒక పెద్దాయన అమ్మ ముందే అన్నారు, "మంచి మనిషే పాపం, రక్షణ లేకుండా పోయాడు" అని. అప్పట్నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు.

నేను ఓదార్పు కోసం అడగడం లేదు. చిన్నప్పటినుంచీ "రక్షణ పొందావా?" అని అడిగించుకుంటూ పెరిగాను, తలూపుతూ వచ్చాను. ఇప్పుడు ఆ మాటే నాకు అర్థం కావడం లేదు. దేనినుంచి రక్షణ? ఒక్క రోజులో జరిగిపోయేదా? ఒకరికి జరిగిందో లేదో ఇంకొకరు చెప్పగలరా? తెలిసినవాళ్లు నిజం చెప్పండి.

దీన

అక్కా, మీ పోస్టు ఆఫీసులో చదివి బయటికి వెళ్లి కాసేపు నిలబడ్డాను. నా దగ్గర జవాబు లేదు. అమ్మగారి కోసం ప్రార్థన చేస్తున్నాను.

ఓఎంఆర్ సాక్షి

సిస్టర్, సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. నొప్పించాలని మాత్రం కాదు.

దేనినుంచి అంటే, పాపం నుంచి, దాని జీతమైన మరణం నుంచి. రోమా 6:23లో జీతం, వరం అనే రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. జీతం మనం సంపాదించుకున్నది. వరం ఆయన ఊరికే ఇచ్చేది. ఎఫెసీ 2:8, 9 ప్రకారం కృపచేతనే, విశ్వాసం ద్వారానే రక్షణ, "క్రియలవలన కలిగినది కాదు". ఇచ్చినదాన్ని చెయ్యి చాచి అందుకోవడమే విశ్వాసం.

బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి రక్షణ లేదు అనడం వాక్యం కాదు. సిలువ మీది దొంగను ఏ నీళ్లలో ముంచారు? అయినా "నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు. ఆ పెద్దాయన మీ నాన్నగారి హృదయాన్ని చూడలేదు. తీర్పు చెప్పే పని ఆయనది కాదు, నాదీ కాదు.

అయితే ఒకటి. రోమా 10:9 హృదయంలో నమ్మాలని చెప్తూనే నోటితో ఒప్పుకోవాలని కూడా చెప్తుంది. మన తెలుగు ఇళ్లలో ఎవరు పోయినా "మంచివాడు, ఎవరికీ హాని తలపెట్టలేదు, పరలోకంలోనే ఉంటాడు" అనేస్తాం. దానికి నేను ఒప్పుకోలేను. మంచితనంతో పరలోకం వచ్చేటట్లయితే సిలువ దేనికి? నేను ఈ మాటను ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. తీరిక దొరికినప్పుడు రాస్తాను.

వేళచ్చేరి మాస్టారు

అమ్మా, నేను గుంటూరువాణ్ణి, లూథరన్‌ని. బడిలో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి ఇప్పుడు ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాను. తెలుగు మాస్టారిని కనుక ముందు మాట దగ్గరే మొదలుపెడతాను.

మార్కు 5లో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ వెనకనుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంది. లూకా 7లో ఇంకొక స్త్రీ పరిసయ్యుడి ఇంట్లో ఆయన పాదాలను కన్నీళ్లతో తడిపింది. మన తెలుగు బైబిలులో ఆయన మొదటి ఆమెతో "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అంటాడు, రెండో ఆమెతో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అంటాడు. కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకులో ఈ రెండు వాక్యాలకూ అక్షరం తేడా లేదు. సోజో అనే ఒకే క్రియ. పేతురు నీళ్లలో మునిగిపోతూ "నన్ను రక్షించుము" అని కేక వేసినప్పుడూ అదే క్రియ. జబ్బు నయం చేయడం, మునిగేవాణ్ణి పైకి లాగడం, పాపం క్షమించడం, మూడూ ఒక్క మాటలోనే ఉన్నాయి. మన అనువాదకులు తప్పు చేశారని కాదు. అంత అర్థం తెలుగులో ఒక్క మాటలో ఇమడదు, సందర్భాన్ని బట్టి వేరే మాట వేసుకోక తప్పలేదు. దానివల్ల మనకు ఒక నష్టం మాత్రం జరిగింది. రక్షణ అంటే చచ్చిపోయాక పనికొచ్చే టిక్కెట్టు అన్న భావం పడిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే నిర్గమకాండం 14. ముందు సముద్రం, వెనక ఫరో రథాలు. మోషే ప్రజలతో, యెహోవా నేడు కలుగజేసే రక్షణను ఊరక నిలిచి చూడండి అంటాడు. అక్కడ పరలోకం ఊసే లేదు. ఇటుకలు చేసి చేసి నడుములు విరిగిన కూలివాళ్లను దేవుడు వెట్టినుంచి బయటికి తీసుకురావడమే రక్షణ. యేసు అనే పేరుకే యెహోవా రక్షించును అని అర్థం. పేరు పెట్టేటప్పుడు దూత చెప్పింది కూడా పాపములనుండి రక్షిస్తాడని. అంటే శిక్షనుంచి తప్పించడమే కాదు, మనలో తిష్ఠ వేసిన ఆ పాపం పట్టునుంచే విడిపిస్తాడని.

"ఒక్క రోజులో జరిగేదా?" అన్నావు. పౌలు మూడు కాలాల్లోనూ రాశాడమ్మా. ఎఫెసీ 2లో రక్షింపబడియున్నారు. మొదటి కొరింథీ 1:18లో రక్షింపబడుచున్న మనకు. రోమా 5:9లో రక్షింపబడుదుము. అయిపోయింది, అవుతున్నది, కావలసి ఉన్నది. నీళ్లలోంచి లాగి గట్టున పడేసినవాడు బతికాడు, నిజమే. కానీ తాగిన నీళ్లు కక్కించాలి, వెచ్చగా కప్పాలి, ఇంటికి చేర్చాలి. లాగినవాడు మధ్యలో వదిలేసి వెళ్లిపోతాడా?

మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తాం. నాకు ఎనిమిది నెలలప్పుడు ఇచ్చారు. నేను నోటితో ఒప్పుకున్నది ఏమీ లేదు. మొదట దేవుడే పట్టుకున్నాడు, మనం ఆయన్ను పట్టుకోవడం తర్వాతి సంగతి అని 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటినుంచీ మావాళ్లు నమ్ముతూ వచ్చారు. బాప్టిస్టు సోదరులు దీన్ని ఒప్పుకోరని తెలుసు. ఆ వాదన ఇప్పుడు వద్దు.

రామానుజదాసి

నేను క్రైస్తవురాలిని కాను. తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామి గుడి దగ్గర ఉంటాం, మా పూర్వీకులది నెల్లూరు. అమ్మాయి రాసింది చదివి ఊరుకోలేకపోయాను.

మాస్టారు రాసిన చివరి మాట దగ్గర నాకు మా ఇంటి వాదన గుర్తొచ్చింది. మా శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలున్నాయి. వడగళై వారు మర్కట కిశోర న్యాయం అంటారు. కోతిపిల్ల తల్లి పొట్టను గట్టిగా కరుచుకుని ఉంటుంది, తల్లి కొమ్మనుంచి కొమ్మకు దూకుతుంది. పిల్ల వైపునుంచి కూడా ఆ పట్టు ఉండాలి. తెంగళై వారు మార్జాల కిశోర న్యాయం అంటారు. పిల్లికూన ఏమీ చేయదు. తల్లే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది. శరణాగతిలో జీవుడి పాత్ర ఎంత, భగవంతుడి కృప ఎంత అని వందల ఏళ్లుగా నడుస్తున్న చర్చ ఇది. మా అత్తవారు ఒక వైపు, పుట్టింటివారు ఇంకో వైపు. మీలోనూ ఇదే ప్రశ్న ఉందని ఇవాళే తెలిసింది.

నా సందేహం ఒకటి. మేము మోక్షం అనేదీ మీరు రక్షణ అనేదీ ఒకటేనా?

వేళచ్చేరి మాస్టారు

అమ్మా, మీరు చెప్పిన పిల్లికూన మాకు చాలా దగ్గరి చుట్టం. కానీ రెండూ ఒకటే అని చెప్తే మీకూ మాకూ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

మోక్షమంటే జనన మరణ చక్రంనుంచి విడుదల. మాకు ఆ చక్రం లేదు, ఒకటే జన్మ. మేము చిక్కుకున్నది పాపంలో, మరణంలో. ఇంకో పెద్ద తేడా ఉంది, మా వాళ్లే చాలామంది మరిచిపోతారు. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో "శరీర పునరుత్థానము" నమ్ముతున్నామని చెప్తాం. ఆత్మ దేహాన్ని విడిచి ఎగిరిపోవడం మా రక్షణకు ముగింపు కాదు. బైబిలు ఆఖరి అధ్యాయానికి ముందు, ప్రకటన 21లో, మనుషులు పైకి పోవడం కనబడదు. పట్టణమే పరలోకంనుంచి కిందికి దిగివస్తుంది, దేవుడు మనుషుల మధ్య కాపురం ఉంటాడు. రోమా 8లో సృష్టి అంతా ఆ విడుదల కోసం మూలుగుతూ ఎదురుచూస్తున్నదని ఉంది. ఈ చెట్లూ ఈ నీళ్లూ ఈ ఒళ్లూ, ఇవన్నీ కూడా బాగుపడాలి.

కాలువగట్టు

మాస్టారు వెట్టి సంగతి ఎత్తారు కాబట్టి మా వాళ్ల సంగతి చెప్పనివ్వండి. పెరంబూరు చెల్లెమ్మా, మీదీ ఒంగోలు వైపే అన్నారు, మీ అమ్మగారికి ఇది తెలిసే ఉంటుంది.

ఇక్కడ మైలాపూరు, చేపాక్ మీదుగా ఎమ్మార్టీఎస్ రైల్లో పోతుంటే కింద నల్లగా, కంపు కొడుతూ బకింగ్‌హామ్ కాలువ కనబడుతుంది. రోజూ చూస్తాను. ఆ కాలువే పైకి పోతే మన పెదగంజాం దాకా పోతుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు ఒంగోలు ప్రాంతంలో ఆ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ల ముక్కకు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. మా ముత్తాత తండ్రి అక్కడ మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మాది మాదిగపల్లె. తోలు పని. ఊరిబావి దగ్గరికి రానివ్వని రోజులు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కరువులో వందలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంత కాలం, పదిహేను నెలలపాటు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చినవాళ్లెవరో, ప్రభువు కోసం వచ్చినవాళ్లెవరో తేలాలన్నాడు. సాయం ఆగింది. పని లేదు, గింజ లేదు. అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మమ్మల్ని "అన్నం క్రైస్తవులు" అని ఎవరైనా అంటే నేను ఈ పదిహేను నెలల సంగతే చెప్తాను.

అంతకు ముందు 1866లో యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆయనా తోలు పనివాడే. అంతకు మునుపు యోగ మార్గంలో గురువుల దగ్గర తిరిగినవాడు. ఆయన వెనకే పల్లెలకు పల్లెలు కదిలాయి. పెద్ద కులాలవాళ్లు, "వీళ్లను చేర్చుకుంటే మేము రాము" అన్నారు. క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ 1:26 దగ్గర పేజీ వచ్చిందట. లోకంలో నీచులను, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. దొర తన జ్ఞాపకాల్లో రాసుకున్నదే ఇది.

మా తాతను నేను చిన్నప్పుడు అడిగాను, రక్షణంటే ఏంటి తాతా అని. "తలెత్తి నడవడంరా" అన్నాడు. ఇది పూర్తి జవాబు కాదని తెలుసు. బ్రదర్ చెప్పిన పాపక్షమాపణ లేకుండా తలెత్తితే అది పొగరు అవుతుంది. కానీ ముందూ వెనకా ఎన్నో తరాలు వంచిన తలను దేవుని కుమారుడు వచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టి లేపితే, దాన్ని రక్షణ కాక ఏమనాలి?

కొరుక్కుపేట అత్త

నాకు గ్రీకు తెలీదు. మాటలు కూడా నీట్‌గా రాయలేను, మా మనవరాలు టైప్ చేస్తోంది. కానీ ఇక్కడి తమిళ క్రైస్తవుల్లో రోమన్ కాథలిక్కులు రక్షకుణ్ణి "మీట్పర్" అంటారు. ఆ మాట నాకు ఇష్టం. ఎందుకంటే సేటు కొట్టు దగ్గర తాకట్టు నగ విడిపించడానికీ అదే మాట, మీట్కడం.

మా ఆయన పోయిన ఏడాది నా గాజులు రెండూ సేటు దగ్గర పెట్టాను. పిల్లాడి ఫీజు కోసం. వడ్డీ కడుతూ కడుతూ మూడేళ్లు. ఆఖరికి నోటీసు వచ్చింది, ఫలానా తేదీలోపు కట్టకపోతే వేలం వేస్తామని. నా దగ్గర అసలు లేదు, వడ్డీ కూడా లేదు. అప్పుడు మా తమ్ముడు గూడూరు నుంచి వచ్చాడు. వాడు బండి అమ్ముకుని వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. సేటు ఇనప్పెట్టె తీసి, చిన్న గుడ్డసంచి విప్పి, గాజులు త్రాసులో పెట్టి తూకం చూపించాడు. చీటీ మీద అడ్డంగా గీత కొట్టి చేతికిచ్చాడు. గాజులు మూడేళ్లు చీకట్లో ఉండి నల్లబడ్డాయి. తమ్ముడు వాటిని చొక్కా అంచుతో తుడిచి నా చేతికి తొడిగాడు.

గాజులు సేటు పెట్టెలో ఉన్నన్నాళ్లూ నావి కాకుండా పోయాయా? నావే. కానీ నా దగ్గర లేవు. మనం దేవుడివాళ్లమే, తాకట్టులో పడిపోయాం. ఆయన తన ప్రాణం పెట్టి విడిపించుకున్నాడు. మార్కు 10:45లో విమోచన క్రయధనం అని ఉంది కదా, అది చదివినప్పుడల్లా నాకు ఆ గీత కొట్టిన చీటీ కళ్ల ముందుకొస్తుంది.

అమ్మాయీ, మీ అమ్మను ఒక రోజు మా ఇంటికి తీసుకురా.

దీన

అత్తా, ఒక ప్రశ్న. ఆ క్రయధనం ఎవరికి కట్టినట్టు? సైతానుకా?

వేళచ్చేరి మాస్టారు

ఈ ప్రశ్నకు పాతకాలంలో పెద్ద పెద్ద వాళ్లే తలపడ్డారు నాయనా. నుస్సా గ్రెగొరీ అనే బిషప్పు నాలుగో శతాబ్దంలో సైతానుకే అన్నట్టు రాశాడు. ఆయన స్నేహితుడు నజియాంజు గ్రెగొరీ, దొంగకు దేవుణ్ణే వెలగా కట్టడమా, ఎంత సిగ్గుచేటు అని ఒప్పుకోలేదు. పదకొండో శతాబ్దం చివర్లో ఆన్సెల్ము అనే ఆర్చిబిషప్పు, అది మనిషి దేవునికి ఎగ్గొట్టిన గౌరవం, మనిషే తీర్చాలి కానీ దేవుడు మాత్రమే తీర్చగలడు, అందుకే దేవుడు మనిషి అయ్యాడు అన్నాడు. విడుదల జరిగిందనీ, దానికి ఆయన ప్రాణం ఖర్చయిందనీ లేఖనం స్పష్టంగా చెప్తుంది. డబ్బు ఎవరి గల్లాపెట్టెలో పడిందో చెప్పదు. అత్తగారి తమ్ముడు బండి అమ్మాడన్నది మనసులో పెట్టుకో, చాలు.

శాంథోమ్ నర్సు

నేను కాథలిక్కుని, ఐసీయూలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పెరంబూరు చెల్లీ, నువ్వు నిజం చెప్పమన్నావు కాబట్టి ముందు కష్టమైన మాట చెప్తాను. అరచేతిలో వేలు పెడితే చెయ్యి ముడుచుకోవడం ఒక్కోసారి ఒట్టి రిఫ్లెక్స్. పట్టుకున్నంత మాత్రాన విన్నారని చెప్పలేం. అందుకే మేము "చెయ్యి నొక్కండి" అంటాం, తర్వాత "వదలండి" అంటాం. మాటకు నొక్కి మాటకు వదిలితేనే వింటున్నారని చార్టులో రాస్తాం. నువ్వు ఆ లోయ మాట దగ్గర గట్టిగా నొక్కారని రాశావు. నేను అక్కడ లేను, తేల్చి చెప్పను. కానీ గొట్టం ఉన్న మనిషి మాటలు వినగలరు, చాలామంది వింటారు. నా పేషెంట్ల చెవి దగ్గర నేను ఎప్పుడూ ఏదో ఒకటి చెప్తూనే ఉంటాను.

ఇప్పుడు బాప్తిస్మం సంగతి, మేము జ్ఞానస్నానం అంటాం. అది రక్షణకు అవసరమనే మా శ్రీసభ బోధ. అయినా దాన్ని కోరుకుని, అందుకునేలోపు చనిపోయినవాళ్లను ఆ కోరికే చేరుస్తుందని కూడా అదే శ్రీసభ బోధ. ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 392లో రెండో వాలెంటీనియన్ అనే కుర్ర చక్రవర్తి, జ్ఞానస్నానం ఇవ్వడానికి రమ్మని మిలాను బిషప్పు అంబ్రోసు గారికి కబురు పెట్టాడు. ఆయన దారిలో ఉండగానే ఆ అబ్బాయి చనిపోయాడు. సమాధి దగ్గర అక్కచెల్లెళ్లు సంస్కారం అందలేదని ఏడుస్తుంటే, అంబ్రోసు గారు వాళ్లతో, అడిగినవాడికి కృప అందింది అని చెప్పారు. ఆ ప్రసంగం ఇప్పటికీ ఉంది. పదహారు వందల ఏళ్ల కిందటి ఆ ఆడపిల్లల ఏడుపు నీ పోస్టులో వినబడింది నాకు.

విశ్వాసమా క్రియలా అని మనం కొట్టుకున్న సంగతి కూడా చెప్పాలి. 1547లో మా కాథలిక్కు బిషప్పుల ట్రెంటు సభ ప్రొటెస్టెంట్ల బోధను ఖండించింది. వాళ్లూ మమ్మల్ని తక్కువేం అనలేదు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బుర్గులో లూథరన్లూ కాథలిక్కులూ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మన పుణ్యం వల్ల కాదు, క్రీస్తు చేసిన పనివల్ల, కృపవల్ల మాత్రమే దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, ఆ కృపే మనల్ని మంచి పనులకు నడిపిస్తుందనీ ఇద్దరూ ఒప్పుకున్నారు. తేడాలు ఇంకా ఉన్నాయి. కానీ ఇక్కడ మాస్టారూ నేనూ ఒకే వైపు నిలబడి మాట్లాడగలుగుతున్నామంటే దాని వెనక ఆ సంతకాలు ఉన్నాయి.

ఇంకొకటి. పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించారు చూడు. యేసు "వారి విశ్వాసము చూచి" అని ఉంది. వాడిది అని లేదు, వారిది అని ఉంది. మీ అమ్మ ముప్పయ్యేళ్లు మోసింది.

ఓఎంఆర్ సాక్షి

నర్సు సిస్టర్ మాట బాగుంది, కానీ క్షమాపణ మాత్రం ప్రభువు మంచం మీది మనిషికే చెప్పాడు, "కుమారుడా" అని. ఎవరి విశ్వాసంతో వచ్చినా ఆయన ముందు పడేది మాత్రం మనమే. ఇది నేను వదలలేను. ఎందుకో రాస్తానన్నాను కదా, ఇప్పుడు రాస్తాను.

నన్ను మా ఊళ్లో అందరూ మంచి కుర్రాడు అనేవారు. మందు లేదు, సిగరెట్ లేదు. 2011లో ఇక్కడ ఒక రాత్రి కూడికలో చెయ్యెత్తి ముందుకు వెళ్లాను, బైబిలు మొదటి పేజీలో ఆ తేదీ రాసుకున్నాను. అదే ఏడాది నా రూమ్మేట్ దగ్గర నలభై వేలు తీసుకుని, ఉద్యోగం మారినప్పుడు ఫోన్ నంబరు మార్చేశాను. ఆరేళ్లపాటు సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఆ తేదీ చెప్పేవాణ్ణి. వాడి మొహం గుర్తొచ్చేది. పక్కకు తోసేసేవాణ్ణి.

ఒక రోజు లూకా 19లో పన్ను వసూలుదారు జక్కయ్య భాగం చదువుతున్నాను. ఎన్నిసార్లు చదివానో. చెట్టు దిగాడు, యేసును ఇంటికి తీసుకెళ్లాడు. అప్పటికి ప్రభువు రక్షణ ఊసెత్తలేదు. జక్కయ్య లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ తర్వాతే "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది". నా ఒళ్లు చల్లబడింది. జక్కయ్య డబ్బిచ్చి రక్షణ కొనుక్కోలేదు, ప్రభువు ముందే వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. కానీ రక్షణ ఇంట్లోకి వచ్చాక బీరువా తలుపు దానంతట అదే తెరుచుకుంది. నా బీరువా తెరుచుకోలేదు.

వాడి అడ్రసు వెతకడానికి రెండు నెలలు పట్టింది. నలభై వేలూ, ఇంకొంతా పట్టుకుని అంబత్తూరు వెళ్లాను. వాడు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. డబ్బు తీసుకున్నాడు. లోపలికి రమ్మనలేదు. తిరిగొస్తూ బస్టాపులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. రక్షణ తేదీ ఎప్పుడంటే నాకు ఇప్పుడు 2011 చెప్పాలో, ఆ బస్టాపు చెప్పాలో తెలియదు. మాస్టారు మూడు కాలాలూ చెప్తుంటే నా జీవితమే చదువుతున్నట్టు అనిపించింది.

అందుకే సిస్టర్, "మంచివాడు" అనే మాటంటే నాకు భయం. నేనూ ఆ మాట వెనకే దాక్కున్నాను. మీ నాన్నగారి మీద కోపంతో రాసింది కాదు.

పెరంబూరు అమ్మాయి

మూడు రోజులనుంచి అన్నీ చదువుతున్నాను. అమ్మకు కూడా చదివి వినిపించాను. గుండ్లకమ్మ సంగతి వచ్చినప్పుడు అమ్మ మధ్యలో ఆపి, మా నాయనమ్మ కూడా చెప్పేది అంది. చాలా రోజుల తర్వాత ఊరి కబుర్లు చెప్పింది.

నర్సు అక్కా, రిఫ్లెక్స్ సంగతి చదివి ఒక పూట ఏడ్చాను. తర్వాత అనిపించింది, నేను నాన్న పట్టును నమ్ముకుని కూర్చున్నాను. ఆయన ఎంత గట్టిగా నొక్కారు, ఎన్నిసార్లు నొక్కారు అని రాత్రిళ్లు లెక్క పెట్టుకుంటున్నాను. రామానుజదాసి గారు చెప్పిన కోతిపిల్ల లెక్క. నిజానికి ఆ నాలుగు రోజులు నాన్న వేళ్లలో సత్తువ లేదు. చెయ్యి జారిపోతుంటే నేనే మళ్లీ మళ్లీ తీసుకుని పట్టుకున్నాను. నాన్న నన్ను పట్టుకోవడం కంటే నేను నాన్నను పట్టుకున్నదే ఎక్కువ. ఇంత చిన్నదాన్ని, నేనే వదల్లేకపోయాను కదా. తన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని యోహాను 10లో చెప్పినవాడు వదులుతాడా అని మొదటిసారి అనుకున్నాను. నాన్న అక్కడ ఉన్నారని నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరి చేతిలో పెట్టానో తెలుసు.

సాక్షి తమ్ముడూ, మీ మాటలు నాకు నొప్పి కలిగించలేదు. ఇంకో విషయం రాయాలి, దీన్ని మంచితనం లెక్కలో వేయకండి. 2015 డిసెంబరు వరదలప్పుడు, ఆరో తేదీ ఆదివారం, మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఈ వారానికి మానెయ్ అని నేను అమ్మతో అన్నాను. నాన్న ఏమీ అనకుండా స్కూటర్ తీసి, అమ్మను ఎక్కించి, ఇంజను వేయకుండా నీళ్లలో తోసుకుంటూ తీసుకెళ్లారు. చర్చిలో పట్టుమని పదిమంది లేరట. నాన్న తడి ప్యాంటుతో ఆ గోడ మీదే కూర్చున్నారట. ఆ రోజు కిటికీ పక్క బెంచీలో కూర్చున్న అమ్మకు, ప్రార్థనకు అందరూ తలలు వంచినప్పుడు బయట నాన్న కూడా పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకుని తల వంచడం కనబడిందట. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నిన్న రాత్రి నాకు చెప్పింది.

వచ్చే శనివారం సాయంత్రం ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఆ పెద్దాయన్ని పిలవనని నేను మొండికేశాను. అమ్మ ఒప్పుకోలేదు. "పిలువు, ఇరవై మూడో కీర్తన ఆయన్నే చదవమను" అంది. పొద్దున వెళ్లి పిలిచి వచ్చాను. గుమ్మంలో నా రెండు చేతులూ పట్టుకుని, ఏమీ మాట్లాడలేదు. వస్తానన్నారు.

కొరుక్కుపేట అత్త

చక్కెర పొంగలి నేను చేసి తెస్తాను. ఎంతమందికో చెప్పు.

ఓఎంఆర్ సాక్షి

నేనూ వస్తాను అక్కా. పెరంబూరు స్టేషన్‌లో దిగాక ఎటు రావాలి?

పెరంబూరు అమ్మాయి

దిగాక ఫోన్ చెయ్యి తమ్ముడూ, మా వాణ్ణి పంపిస్తాను. నాన్న స్కూటర్ మీద వస్తాడు.